కస్టమర్ ఎవరు?

వైటూకే పని మీద సిడ్నీ వచ్చిన ఏడాది మా కన్సల్టెన్సీ నన్ను ఒక ప్రైవేటు హెలికాప్టర్ కంపెనీకి పంపింది. సముద్రంలో పడిపోయిన యుద్ధవిమానాల పైలట్లను కాపాడే పని అంతకుముందు ఎయిర్‌ఫోర్సే చేసుకునేది. దాన్ని ఈ కంపెనీకి అప్పగించారు. రెండువేల సంవత్సరం వచ్చేలోపు వాళ్ల ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేయడానికి నేను. నేనుండే క్వేకర్స్ హిల్ నుంచి రెండు రైళ్లు మారి వెళ్లేసరికే ఒళ్లు హూనమయ్యేది.

హెలికాప్టర్ నుంచి తాడుతో దిగి మనుషుల్ని పైకి తెచ్చే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ఇరవై ఏళ్లు ఎయిర్‌ఫోర్స్ యూనిఫాంలో చేసిన పనే, ఇప్పుడు కంపెనీ చొక్కాలో చేస్తున్నాడు.

ఒక మధ్యాహ్నం, విమానంలోంచి దూకేసిన పైలట్‌ను ప్రాణాలతో తెచ్చాడు. తడి బట్టలతోనే కంప్యూటర్ ముందు కూర్చుని రిపోర్టు మొదలుపెట్టి, కాసేపటికి నన్ను పిలిచాడు.

"మేట్, పైలట్ పేరు కొడితే ఇది తీసుకోవట్లేదు. కస్టమర్ ఎవరో లిస్టులోంచి ఎంచుకోమంటోంది."

"కస్టమర్ అంటే ఎయిర్‌ఫోర్స్," అన్నాను.

"మరి నేను నీళ్లలోంచి తీసింది ఎవర్ని?"

తేదీల పనితో పాటు, ఆ కంపెనీ మేనేజర్ చెప్పాడని రిపోర్టులో ఆ కస్టమర్ గడి పెట్టింది నేనే. సిగ్గేసి, ఆ సాయంత్రమే పేరు రాయడానికి ఇంకో గడి కలిపాను. ఎయిర్‌ఫోర్స్‌తో కాంట్రాక్టులో అది లేదని వారం తిరక్కుండానే మేనేజర్ తీసేయమన్నాడు. నా వీసా మా కన్సల్టెన్సీ చేతిలో ఉంది, మేనేజర్ ఒక్క మాట చెబితే పోతుంది; వాదించే ఓపికా లేదు. తీసేశాను.

పెద్దాయన మళ్లీ నన్నేమీ అడగలేదు. కస్టమర్ గడిలో ఎయిర్‌ఫోర్స్ అని ఎంచుకుని, రిపోర్టులు రెండు నిమిషాల్లో ముగించి, కారెక్కి వెళ్లిపోయేవాడు.