అమావాస్య నాటి నీళ్లు

మా పోచంపల్లిలో మగ్గాలకు అమావాస్య సెలవు. ఆ రోజు నేత ఉండదు, రంగు కాగు పొయ్యెక్కదు. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, రంగు నీళ్లు శుద్ధి చేస్తామంటూ మా ఇంటి పక్కనే మూడు తొట్లు కట్టారు. మొదటి దాంట్లో పటిక వేస్తే రంగు అడుక్కి దిగాలి. తర్వాత ఇసుక, ఆ తర్వాత బొగ్గు. కొన్నాళ్లకు పటిక వేసేవాడు రావడం మానేశాడు. బొగ్గు మక్క కంకులు కాల్చుకోవడానికి పోయింది. అడిగితే అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాయం.

ఆ రంగు నేలలోకి ఇంకి, మా బోరు కొడితే లేత గులాబీ రంగు నీళ్లు వచ్చేవి. క్యాను నీళ్లు గొంతు దిగవని అవ్వ వాటినే తాగేది. తల్లి కడుపు పట్టుకుని మూలుగుతుంటే మా బాపుకు అన్నం సయించేది కాదు.

నీళ్లు పరీక్షించే సారు హైదరాబాద్ నుంచి ఎప్పుడొచ్చినా అమావాస్య నాడే వచ్చేవాడు. జనం ఖాళీగా దొరికేది ఆ రోజేనని ఆయన తెలివి. తొట్లలోంచి స్నానాల నీళ్లు పారుతుంటే సీసా నింపి, ఎండకెత్తి, "చూశారా, ఎంత తేటగా ఉన్నాయో" అని మురిసేవాడు. మా వాళ్లు చప్పట్లు కొట్టేవారు. బోరు నీళ్లు చూపిస్తే పైపు తుప్పనేవాడు.

"సారూ, జర రేపు రాండ్రి. రేపు రంగులేస్తం," అని బాపు బతిమాలాడు.

"రేపు నాకు వేరే ఊరుంది."

మరుసటి అమావాస్యకు బాపు పొయ్యి వెలిగించాడు. వాడంతా ముక్కున వేలేసుకుంది.

"అమాస నాడు కాగు పెట్టినవేందిరా, ఇల్లు మునుగుతది," అని బాపు వాళ్ల అన్న, మా పెద్దబాపు, వాకిట్లో నిలబడి తిట్టాడు. బాపు పొయ్యిలోకి ఇంకో కట్టె తోశాడు. సారు రాగానే ఎర్ర రంగు కాగును తొట్లలోకి వంచాడు. ఇటు ఎంత ఎర్రగా పోయిందో అటు అంతే ఎర్రగా వచ్చింది. ఇక సారు నోరు పడిపోతుందని నాకు ఒకటే సంబరం.

సారు సీసా నింపి బాపు వైపు తిరిగాడు. "అయితే ఊరి నీళ్లు పాడు చేస్తున్నది నువ్వన్నమాట."

పెద్దబాపుతో సహా అందరూ అవునన్నారు.

వారం తిరక్కుండా మా పొయ్యి ఒక్కటే మూయించారు. మిగతా వాడంతా మర్నాటి నుంచే కాగులు ఎక్కించింది. తర్వాతి అమావాస్యకు సారు తేట నీళ్ల సీసా ఎత్తి పట్టుకుని, కాలుష్యం వదిలిందని మా వాకిట్లోనే మీటింగు పెట్టి చెప్పాడు. లోపల అవ్వ గులాబీ నీళ్లతో కడుపునొప్పి మాత్ర మింగుతోంది.