ఒక మనిషి పట్టే జాగా

చెక్క నేల మీద నడిచేవాళ్ళకి దాని కింద ఏముందో పట్టదు. నాకు పట్టేది. నా బతుకు సగం మోకాళ్ళ మీదే గడిచింది మరి. డెబ్బైల్లో ఎలమంచిలి దగ్గరి పల్లె నుంచి విశాఖపట్నం వచ్చి వడ్రంగం పనిలో పడ్డాను. తలుపులూ కిటికీలూ చేసేవాళ్ళు ఊరి నిండా ఉన్నారు. చెక్క నేలలు వేసేవాళ్ళు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. అందుకని నేను అందులోకి దిగాను.

హార్బరు వైపు దొరల కాలం నాటి బంగళాల్లో నేలంతా టేకు పలకలే. కింద దూలాలు, దూలాల కింద ఖాళీ. పుచ్చిన పలక పైకి లేపితే లోపలి నుంచి పాత గాలి వాసన ముఖం మీదకి కొట్టేది. ఎలక గూళ్ళు, పాము కుబుసాలు, ఎవరో పిల్లలు పారేసుకున్న గోళీలు కనబడేవి. మొదట్లో సరదాగా ఉండేది. తర్వాత్తర్వాత రోత పనైపోయింది. ఉప్పుగాలికి మేకులు తుప్పు పట్టి విరిగేవి, చెయ్యి కోసుకుపోయేది, వాటిని తిట్టుకుంటూ పని చేసేవాణ్ణి.

ఎనభైల్లోకి వచ్చేసరికి ఊరు మారిపోయింది. స్టీలు ప్లాంటు పేరు చెప్పుకుని కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి జనం దిగారు. కొత్త ఇళ్ళు లేచాయి. కాస్త ఉన్నవాళ్ళకి సిమెంటు నేల మీద చెక్క పరిపించుకోవాలని కోరిక పుట్టింది. దానికి కొత్తరకం పలకలు వచ్చాయి. అడుగున చవక చెక్క పొరలు, పైన పల్చటి టేకు, అన్నీ బంకతో అతికించినవి. పైకి పెళ్ళికొడుకు, లోపల బనియను చిరుగులు అని ఎగతాళి చేసేవాణ్ణి. కానీ నిజం చెప్పాలి, నిండు టేకు పలక వంకర తిరిగే చోట అది బుద్ధిగా పడుకునేది. ఒక్కటే షరతు. గోడ పక్కన వేలెడు సందు వదలాలి. వానాకాలంలో చెక్క ఉబ్బుతుంది, దానికి కాళ్ళు చాపుకునే చోటు లేకపోతే ఊరుకోదు.

ఆ రోజుల్లోనే పాత ఊళ్ళో, పూర్ణా మార్కెట్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక పెంకుటింటి పని వచ్చింది. ఇంటాయన హార్బరులో మంచి ఉద్యోగంలో ఉన్నాడు. తండ్రి అదే హార్బరులో కళాసీగా చేసి కట్టిన ఇల్లు అది. ఎర్ర గచ్చు నేల, అరిగి అరిగి అద్దంలా ఉంది. కానీ వానాకాలం వస్తే చెమ్మ పైకెక్కి కాళ్ళు జిల్లుమనేవి. తల్లికి మోకాళ్ళ వాపులు. అమ్మ కోసమే చెక్క వేయిస్తున్నానని ఆయన నాతో చెప్పాడు. పై ఆఫీసర్లు ఇంటికి టీకి వస్తున్నారన్న సంగతి కూడా ఆయన నోటే విన్నాను. రెండూ నిజమే అనుకుంటాను.

పని మొదలుపెట్టిన నాడు ఆ తల్లి తన గది గుమ్మంలో కూచుని నా ఊరు అడిగింది. చెప్పాను. ఆమె పుట్టిల్లు మా పక్క ఊరేనట. ఆ మాటతో నేను ఆమెకి కొడుకునైపోయాను, ఆమె నాకు పెద్దమ్మ అయిపోయింది. నేను హాల్లో పలకలు కోస్తుంటే పక్కన కూచుని ఊళ్ళో చెరువుల గురించీ, చచ్చిపోయినవాళ్ళ గురించీ చెప్పేది. ఆమె గది వంతు వచ్చినప్పుడు మాత్రం లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఇదిగో నాయినా, ఈ కిటికీ కింద సెక్క ఎయ్యకు. ఒక మనిసి పట్టే జాగా ఒగ్గేయి."

"అదేటి పెద్దమ్మా, మధ్యలో గుంటలా కనపడదేటి?"

"కనపడితే కనపడనీ. మా ఇంటాయన్ని ఇక్కడే దింపేం. నన్నూ ఇక్కడే దింపాల. మంచం మీద పోతే మంచిది కాదు, సెక్క మీద పోతే అది నేలేటి? నానెల్లిపోయేటపుడు నా ఈపుకి ఈ గచ్చు తగలాల."

మా వైపు మనిషికి ఆఖరి ఘడియ వచ్చిందంటే మంచం మీద ఉంచరు. పేడనీళ్ళు చల్లి, గడ్డి పరిచి, కింద దింపుతారు. ఆమెకి ఊరికే నేల ఉంటే చాలదు, ఆ చోటే కావాలి. నాకు అర్థమైంది. ఆమె భర్త పడుకున్న చోట ఆమె పడుకోవాలనుకుంటోంది, అంతే.

కొడుకు సాయంత్రం వచ్చి విని నవ్వేశాడు. "గదిలో గొయ్యి పెట్టుకుంటామా మేస్త్రీ? చూసినవాళ్ళు ఏమనుకుంటారు?" అన్నాడు. తల్లి ముఖం చిన్నబోయింది. నాకు కోపం వచ్చింది, కానీ ఇల్లు ఆయనది. చివరికి నేనే ఒక దారి చూపించాను. కిటికీ కింద మనిషి పొడుగు చెక్క విడిగా చేస్తాను, మేకులు కొట్టను, బంక పెట్టను, ఇత్తడి స్క్రూలతో బిగిస్తాను, చుట్టూ సన్నటి సందు వదులుతాను. కావలసిన రోజు స్క్రూలు తిప్పి మూతలా లేపేయొచ్చు. కొడుకు సరేనన్నాడు. ఆ మూత బిగించాక ఆమె ఎదుటే విప్పి, లేపి, కింద గచ్చు చూపించి, మళ్ళీ బిగించాను. ఆమె అరచేత్తో ఆ చెక్కని తట్టి, "బాగా సేసేవు బాబూ" అంది. ఆ రోజు నాకు మెడల్ ఇచ్చినట్టే అనిపించింది.

తర్వాత వేరే పనుల్లో పడి అటు పోలేదు. ఒక వానాకాలం మధ్యాహ్నం ఆ ఇంటి నుంచి మనిషి స్కూటరు మీద వచ్చాడు. "సామాను పట్టుకుని ఎక్కు మేస్త్రీ, ముసలమ్మ అయిపోయేలాగుంది, ఆ సెక్క లేవట్లేదు" అన్నాడు. తడుస్తూనే వెళ్ళాను.

గదిలో మంచం మీద ఆమె ఉంది. కళ్ళు సగం మూసుకుని, నోటితో ఊపిరి తీస్తోంది. ఊరి నుంచి వచ్చిన ఆమె తమ్ముడు కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. కోడలు పేడనీళ్ళ చెంబు పట్టుకుని గోడకి ఆనుకుని ఉంది, చల్లడానికి నేల లేదు. కిటికీ కిందకి వెళ్ళి చూశాను. నేను వదిలిన సందు లేదు. స్క్రూ తలలు లేవు. అంతా ఒకే పలకలా నున్నగా మెరిసిపోతోంది.

"ఏటయింది దీనికి?" అన్నాను.

కొడుకు తల దించుకున్నాడు. "పాలిష్ వేయించినప్పుడు... సందుల్లో చెత్త పడుతోందని లప్పం పెట్టించాం. వద్దని అమ్మ గొడవ పెట్టింది. మళ్ళీ తీయించేద్దామనుకున్నాను."

తల్లికి తెలుసన్నమాట. తన చోటు మూసేశారని తెలిసే ఇన్నాళ్ళూ ఆ గదిలో పడుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మాట్లాడితే బూతే వస్తుందని సామాను విప్పి కింద కూచున్నాను. రాయిలా గట్టిపడ్డ లప్పాన్ని ఉలి మొనతో గీకి ఒక స్క్రూ తల దొరకబుచ్చుకున్నాను. దాని గాడి నిండా లప్పమే. గీకి, ఊది, తిప్పాను. అది వచ్చింది. ఇంకొకటి వచ్చింది. తర్వాతదాని తల అరిగిపోయింది. వచ్చిన వైపు పైకి ఎత్తబోతే చెక్క కదల్లేదు. వానకి ఉబ్బి పక్క పలకల్ని కరిచి పట్టుకుంది. ఉబ్బడానికి నేను వదిలిన చోటునే కదా వీళ్ళు కప్పెట్టారు.

సంచిలోంచి పొట్టి గునపం తీశాను. ఎత్తానో లేదో కొడుకు నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగు ఆగు. పక్క పలకలు కూడా లేచిపోతాయి. స్క్రూలు తీసి మెల్లగా తియ్యి."

ఆయన చెడ్డవాడని నేను అనను. ఇష్టపడి కొనుక్కున్న వస్తువు మీద దెబ్బ పడుతుంటే చెయ్యి దానంతటది అడ్డం వస్తుంది. ఆ క్షణాన ఆయనకి అమ్మ కంటే ముందు చెక్కే కనబడింది. నేను మళ్ళీ ఉలి పట్టాను. ఆమె తమ్ముడు కేకలు వేస్తున్నాడు. "ఏటి సేత్తన్నార్రా మీరు? పోనీ ఆ సెక్క మీదే దింపేద్దాం, మంచం మీదొద్దు." ఆమె చెవిన పడినట్టుంది. చెయ్యి కొద్దిగా లేచి అటూ ఇటూ ఊగింది. వద్దని. వేళ్ళు మంచం పట్టె కిందకి జారి గాల్లో వెతుక్కుంటున్నాయి.

"పగలగొట్టండి!" అని కోడలు అరిచింది. ఆ ఇంట్లో ఆవిడ గొంతు నేను వినడం అదే మొదలు. కొడుకు అప్పుడు పక్కకి తప్పుకుని, "పగలగొట్టెయ్" అన్నాడు, ఎవరికీ వినపడనంత చిన్నగా.

గునపం లప్పం గీకిన చోట దూర్చి బలమంతా వేశాను. పైనున్న టేకు పొర చిట్లింది, కింది పొరలు చీలికలుగా లేచాయి, పక్క పలకలు కూడా విరిగాయి. ఎర్ర గచ్చు బయటపడింది. చెమ్మతో తడిసి ఉంది. ముక్కలు చేత్తో ఏరి పడేసి, "రండి, దింపండి" అంటూ వెనక్కి తిరిగాను. ఎవరూ కదల్లేదు. ఆమె వేళ్ళు కదలడం మానేశాయి.

తర్వాత దింపారు. పేడనీళ్ళు చల్లి, గడ్డి పరిచి, ఆమెని ఆ గచ్చు మీద పడుకోబెట్టారు. చూడ్డానికి వచ్చినవాళ్ళతో కొడుకు, "కింద దింపాకే పోయింది, హాయిగా పోయింది" అని చెప్పాడు. తమ్ముడు అవునన్నాడు. మా ఊరు వెళ్ళినప్పుడు ఆమె పుట్టింటివాళ్ళు నన్ను అడిగితే నేనూ అదే చెప్పాను. ఇంకేం చెప్పను? ఆ మాట అన్న ప్రతిసారీ గాల్లో వెతుక్కున్న ఆ వేళ్ళే నాకు గుర్తొచ్చేవి.

కర్మ అయిపోయాక కబురొస్తే కొత్త పలకలు మోసుకుని వెళ్ళాను. ఆ గదిలో మంచం తీసేశారు. కిటికీ కింద విరిగిన అంచుల మధ్య ఎర్ర గచ్చు అలాగే ఉంది. కొడుకు దాని పక్కన బాసింపట్టు వేసుకుని కూచున్నాడు. గుండు మీద జుట్టు ఇంకా మొలవలేదు.

"ఈసారి ఎలా వెయ్యమంటారు?" అని అడిగాను. మర్యాదగానే అడిగాననుకుంటాను.

ఆయన అరచెయ్యి గచ్చు మీద ఆనించాడు. "ఏమీ వెయ్యొద్దు మేస్త్రీ. అంచులు మాత్రం నున్నగా చేసి వదిలెయ్యి" అన్నాడు.

నాకు జాలి కలగలేదు. చిత్రిక తీసుకుని అంచులు సాపు చేశాను. ఒక మనిషి పట్టే జాగా మిగిలింది. పెద్దమ్మ ఆనాడు నా చెయ్యి పట్టుకుని అడిగింది ఇంతే.