మునెప్ప పెట్టిన సంతకం

నాలుగేళ్లుగా ఒక కాగితాన్ని మోస్తున్నాను. అది నా దగ్గర లేదు. ఏదో ఆఫీసు బీరువాలో, ఏ కట్ట అడుగునో పడి ఉంటుంది. అయినా మోస్తున్నది నేనే. అన్నం కలుపుకునేటప్పుడు, బట్టలు ఆరేసేటప్పుడు, దేవుడి ముందు కళ్లు మూసుకున్నప్పుడు కూడా అదే కనిపిస్తుంది. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే ఈపాటికి ఎప్పుడో చెప్పి ఉండేదాన్ని.

నా పేరు రాయను. హోసూరులో మా వీధి పేరూ రాయను. ముప్పై ఏళ్లు తమిళ బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇంట్లో తెలుగు, ఉద్యోగం తమిళం. ఈ ఊళ్లో అది వింతేమీ కాదు. పెళ్లి చేసుకోలేదు. అమ్మ పోయాక ఇంట్లో నేనొక్కదాన్నే. మా వీధిలో పాతవాళ్లలో చాలామందికి తమిళం మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. కరెంటు నోటీసైనా, రేషను కాగితమైనా, గ్యాసు ఫారమైనా "టీచరమ్మా, రవంత చూడండి" అంటూ మా గుమ్మం ఎక్కేవాళ్లు. నేను చదివి తెలుగులో చెప్తే అదే వేదవాక్కు. చెప్పింది నిజమో కాదో చూసుకునే దారి వాళ్లకు లేదు. చూసుకోవాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు.

మా వీధి మెయిన్ రోడ్డు సిగ్నల్‌ని తప్పించుకునే అడ్డదారి. షిఫ్టు మారే వేళకు ఫ్యాక్టరీ వ్యాన్లు, బైకులు, ఆటోలు అన్నీ ఇందులోనే దూరేవి. అబ్బబ్బ, ఆ హారన్లు! వేసిన ముగ్గు పది నిమిషాలు నిలిచేది కాదు. అలాంటప్పుడు ఒకరోజు కార్పొరేషన్ ఆఫీసు నుంచి ఒక ఇంజనీరమ్మ మా ఇంటికి వచ్చింది. చిన్న వయసు, మంచి మాట. మూడు నెలలు ట్రయల్ చేస్తామంది. వీధికి ఒక కొస ఇనుప కమ్మీలతో మూసేస్తారట. వీధివాళ్లు రెండో కొసనుంచే రావాలి, అటే పోవాలి. బయటి బండ్లకు దారి ఉండదు. బాగుంటే అలాగే ఉంచుతారు, లేకపోతే తీసేస్తారు. ఇంటింటికీ, అంగడంగడికీ వెళ్లి అభిప్రాయం రాయించాలి, అందరూ ఒప్పుకుంటే ముందు మీ వీధిలోనే మొదలుపెడతాం అంది. ఫారాలు తమిళంలో ఉన్నాయి. మీరు చదివి చెప్తే అందరికీ నమ్మకంగా ఉంటుందని నా చేతిలో పెట్టింది.

ఎంత పొంగిపోయానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. రిటైరయ్యాక నన్ను వెతుక్కుంటూ పనిమీద వచ్చిన మొదటి మనిషి ఆమె. ఆ వారమంతా నాకు పండగే. ప్రతి ఇంట్లో కూర్చోబెట్టారు, ప్రతి ఇంట్లో కాఫీ ఇచ్చారు. సాయంత్రం ఇంజనీరమ్మ ఫోన్ చేసి ఎన్ని అయ్యాయని అడిగేది. ఆ ఫోన్ కోసం నాలుగింటినుంచే ఎదురుచూసేదాన్ని. వీధి ప్రశాంతంగా ఉండాలని చేశాననుకున్నాను. చాలాకాలం నాకు నేను అదే చెప్పుకున్నాను. నిజం అది కాదు. ఆ పని ఆగిపోతే ఆ ఫోన్ ఆగిపోతుంది. అదీ నా భయం.

అన్ని ఇళ్లూ సరే అన్నాయి. మిగిలింది మునెప్ప.

మునెప్పది పంక్చరు అంగడి. మా ఇంటికి సరిగ్గా ఎదురుగా, గోడ వారగా రేకు కప్పిన చిన్న చోటు. ఒక కంప్రెసర్, నీళ్ల తొట్టి, వేలాడే పాత టైర్లు. అరవై దాటిన మనిషి. ఆ అడ్డదారిన పోయే బండ్లే ఆయన బతుకు. నేను వెళ్లేసరికి ట్యూబు నీళ్లలో ముంచి బుడగలు చూస్తున్నాడు. స్టూలు తుడిచి వేశాడు. నేను ఫారం మొత్తం చదివి, అర్థం చెప్పాను. అప్పటివరకు అంతా నిజమే చెప్పాను. ఆయన చేతులు తుడుచుకుని కాసేపు వీధి వైపు చూశాడు.

"ఇది వద్దమ్మా," అన్నాడు. "ఈ బండ్లు పోతా ఉంటేనే కదా నాకు పని. దారి మూసేస్తే ఈడికి ఎవురొస్తారు? ఇంగో తావు చూసుకునేకి నాకు వయసుందా? మా ఇంటిదానికి కాళ్లు పడిపోయి రెండేండ్లాయె. నేను వద్దన్నానని రాయండి."

"మూడు నెలలే కదప్పా. చూస్తాం, బాగలేకుంటే తీసేస్తారు."

"మూడు నెలలు కడుపు కట్టుకోని కూచునేకి అయ్యేపనేనా? మీరు చదువుకున్నోళ్లు, మీరే చెప్పండి. వద్దనే రాయండమ్మా, మీకు పుణ్యముంటుంది."

ఫారంలో రెండు గళ్లున్నాయి. ఒకటి సమ్మతం, ఒకటి కాదు. పెన్ను తీశాను. ఆయన కళ్ల ముందే, ఆయన కాగితం వైపు చూస్తుండగానే, సమ్మతం గడిలో టిక్కు పెట్టాను.

"వద్దనే కదమ్మా రాసినారు?"

"ఔనప్పా. వద్దనే రాసినాను."

ఆయన పెన్ను తీసుకున్నాడు. చిన్నప్పుడు మూడో తరగతి దాకా తెలుగు బడిలో చదివాడట. కాగితానికి గ్రీజు అంటకుండా జాగ్రత్తగా పట్టుకుని, కూడబలుక్కుంటూ, పెద్ద పెద్ద అక్షరాలతో మునెప్ప అని తెలుగులో సంతకం పెట్టాడు. మిగతావాళ్లు వేలిముద్రో, ఇంగ్లీషులో పొడి అక్షరాలో పెట్టారు; అన్ని ఫారాల్లోనూ తెలుగు సంతకం అదొక్కటే. "మీరుండబట్టి సరిపోయిందమ్మా" అన్నాడు. నేను నవ్వాను. ఛీ, నవ్వాను కూడా.

కమ్మీలు వచ్చాయి. వీధి మారిపోయింది. ఆ మాట నేను దాచను, పథకం చెడ్డది కాదు. పిల్లలు రోడ్డు మీద షటిల్ ఆడారు. ముసలివాళ్లు సాయంత్రం నడిచారు. నన్ను చూసి, టీచరమ్మ పుణ్యమే అన్నారు. ఎదురుగా మునెప్ప స్టూలు మీద చేతులు కట్టుకుని కూర్చునేవాడు. మొదటి వారం ఒకటో రెండో సైకిళ్లు వచ్చాయి. తర్వాత అవీ లేవు. వద్దన్నా వినకుండా మూసేశారు చూడమ్మా, మనలాంటోళ్ల మాట ఎవురు వింటారని ఆయన అనేవాడు. మనలాంటోళ్లు! నన్నూ కలుపుకుని అనేవాడు. నేను తలుపు దగ్గరగా వేసుకోవడం మొదలుపెట్టాను.

మూడు నెలలు నిండాక కల్యాణమండపంలో మీటింగు పెట్టారు. వీధి మొత్తం వచ్చింది. అందరూ ఉంచమన్నారు. చివర్లో మునెప్ప లేచాడు. ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. నేను మొదటే వద్దన్నాను, నా మాట ఎవరూ లెక్కపెట్టలేదు అని తమిళంలో చెప్పాడు. ఇంజనీరమ్మ కట్ట విప్పి వెతికింది. దొరకడానికి ఎంతసేపు, తెలుగు సంతకం ఒకటే కదా! మీరు సమ్మతం అని పెట్టారే, ఇది మీ సంతకం కాదా అని కాగితం ఆయన ముందు పెట్టింది. కోపంగా కాదు, ఆశ్చర్యంగానే అడిగింది.

ఆయన కాగితం చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత తలెత్తి నన్ను చూశాడు. నేను మూడో వరుసలో కూర్చున్నాను. లేచి ఒక్క మాట అంటే చాలు. తప్పు నాది అంటే చాలు. అనలేదు. పాతికమంది ముందు టీచరమ్మ అబద్ధాలకోరు అనిపించుకోవడం కన్నా ఆ మనిషి బతుకు బుగ్గి కావడమే తేలికనిపించిందా నాకు? ఔను, ఆ క్షణానికి అలాగే అనిపించింది.

"నాదేనమ్మా," అన్నాడు మునెప్ప. "మర్చిపోయినాను. వయసైపోయింది."

ఎవరో నవ్వారు. ఆయన కూర్చున్నాడు.

నన్నెందుకు కాపాడాడు? అది కాపాడడమేనా? నలుగురిలో ఆడమనిషిని నిలదీయడం ఇష్టం లేకనా? అరిచినా ఎవరూ నమ్మరనా? నన్ను తిట్టి ఉంటే ఎంత బాగుండేది. తిట్టలేదు. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు, అంతే. పది రోజుల్లో రేకు విప్పుకున్నాడు. పెళ్లాన్ని తీసుకుని ఉద్దనపల్లి వైపు, ఆమె పుట్టింటి వాళ్ల దగ్గరికి పోయాడు. అక్కడ బంతిపూల తోటల్లో కూలికి పోతున్నాడని విన్నాను. ఆ వయసులో, ఎండలో, వంగి.

ఇంకొకటి ఉంది. అదే నన్ను తినేస్తోంది. మరికొన్ని నెలలకు పక్క వీధిలోనూ కమ్మీలు పెట్టారు. అక్కడ ఒక టీ అంగడాయన వద్దన్నాడు. ఇంజనీరమ్మ ముందు ఆయనకు బస్‌స్టాండు దారిలో చోటు చూపించి, ఆ తర్వాతే కమ్మీలు పెట్టించింది. వద్దన్నవాళ్లకు దారి చూపించే మొదలుపెడతాం మేడం, ఫారం అందుకే కదా అంది నాతో, మామూలుగా. అంటే మునెప్ప వద్దన్నా మా వీధి ఆగేది కాదు. ఒక నెల ఆలస్యమయ్యేది, అంతే. నా అబద్ధం ఎవరికీ అక్కర్లేదు. నేను చెరిపేసింది ఆయనకు రావలసిన చోటునే.

ఇప్పుడు మా వీధిలో చప్పుడు లేదు. నా గుమ్మం ఎక్కేవాళ్లూ తగ్గిపోయారు. మునెప్ప ఎవరికీ చెప్పలేదని నాకు తెలుసు. చెప్పి ఉంటే ఎవరో ఒకరు ముఖం మీదే అడిగేవాళ్లు. పిల్లలకు ఫోన్లొచ్చాయి, కాగితాన్ని ఫోటో తీస్తే అదే చదివి చెప్తుందట. మంచిదే. కానీ ఎవరైనా కాగితం పట్టుకుని వచ్చినా నాకు వణుకు. చదివి చెప్పి, ఇంకోసారి ఎవరికైనా చూపించుకోండి అంటాను. వాళ్లు వింతగా చూస్తారు. ఎదురుగా ఖాళీ గోడ. ఆ కంప్రెసర్ టకటకా కొట్టుకుంటూ ఉన్నన్నాళ్లూ నేను ఒంటరిదాన్నని నాకు తెలియలేదు. పొద్దున తలుపు తీయగానే "ఏమమ్మా, కాఫీ ఆయెనా?" అని అడిగే ఒకే ఒక్క గొంతును నా చేతులారా పంపేసుకున్నాను.

రెండుసార్లు ఉద్దనపల్లి మీదుగా పోయే రాయకోట బస్సెక్కాను. రెండుసార్లూ ఉద్దనపల్లికే టికెట్టు తీసుకున్నాను. ఊరు వచ్చింది, కండక్టర్ అరిచాడు, నేను లేవలేదు. మొదటిసారి రాయకోటలో దిగి, బస్టాండు బెంచీ మీద గంట కూర్చుని, వచ్చిన బస్సులోనే తిరిగొచ్చాను. రెండోసారి కిటికీలోంచి బంతితోట కనిపించింది. ఎవరో వంగి పూలు కోస్తున్నారు. ఆయనో కాదో తెలియదు. ముఖం తిప్పుకున్నాను.

ఇదంతా చెప్తే ఏమొస్తుంది? ఆయన అంగడి తిరిగి రాదు. క్షమించమని అడగడం లేదు, అడిగే ముఖం లేదు. రాస్తున్నకొద్దీ ఊపిరి మాత్రం కాస్త ఆడుతోంది. అదీ నాకు రావలసింది కాదేమో.

నాకు రాయడానికి తమిళమే తేలిక. బతుకంతా ఆ భాషలోనే రాశాను. అయినా దీన్ని తెలుగులో రాశాను, విడివిడిగా, పెద్ద అక్షరాలతో రాశాను. ఎవరి ద్వారానైనా ఇది ఉద్దనపల్లి చేరితే మునెప్ప ఎవరినీ చదివి చెప్పమని అడగకూడదు. కూడబలుక్కుని తనే చదువుకోవాలి.

మునెప్పా, నువ్వు వద్దనే అన్నావు. సమ్మతం అని పెట్టింది నేను.