క్యాంపుకు తీసుకుపోని వార్డు మెంబర్

జానమ్మను ఎవరూ క్యాంపుకు తీసుకుపోలేదు. ఆమె భయమంతా అక్కడే మొదలైంది.

తిరుమలగిరి పక్క ఊళ్ళో, క్రైస్తవుల వాడ నుంచి గెలిచిన ఒకే ఒక్క వార్డు మెంబర్ ఆమె. నాట్లేస్తూ, పత్తి ఏరుతూ సగం బతుకు గడిపిన మనిషి. మైకు ముందు నిలబెడితే సొంత పేరే మరిచిపోతుంది. ఓట్లు లెక్కపెట్టిన రోజే జరగాల్సిన ఉపసర్పంచ్ ఎన్నిక, సరిపడా మెంబర్లు రాక మర్నాటికి పడింది. ఇంకేముంది! ఆ కుర్చీ మీద కన్నేసిన వీరేశం పటేల్ తన వైపు మెంబర్లను ఎవరూ గుంజుకోకుండా జీపెక్కించి ఎక్కడో లాడ్జిలో దాచాడు. జానమ్మను మాత్రం ఇంట్లోనే వదిలేశాడు. “ఆమె యాడికి పోతది? వాళ్ళ వాడ తాతల కాన్నుంచి మన పార్టే” అన్నాడట. మేకను కట్టేస్తారు గానీ గుంజను ఎవడు కట్టేస్తాడు?

ఆ ధీమాతోనే చిక్కొచ్చింది. పొద్దున్నే అవతలి పార్టీ మనిషి, మగ్గం పనిచేసే వెంకటనర్సు వచ్చాడు.

“జానక్కా, ఉపసర్పంచ్‌కు నీ పేరే పెడ్తం. మాకు ఒక్క చెయ్యి తక్కువైంది. గది నీదే కావాలె.”

ఆయన పోయాక ఆమె గడపలోనే కూలబడింది. భర్త సాల్మన్ నడిపేది వీరేశం ట్రాక్టరే. వాడలో సగం మందికి కూలి దొరికేది ఆయన పొలాల్లోనే. పెట్టెలో వేసే ఓటయితే ఎవరికీ తెలియదు. ఇది అందరి ముందూ చెయ్యెత్తే ఎన్నిక.

పాలమూరులో రాజనీతిశాస్త్రం చదువుతూ, ఓటు వేయడానికి వచ్చిన కూతురు గ్రేస్ పక్కన కూర్చుంది.

“అమ్మా, అమెరికాల యూదులున్నరు గదా...”

“బైబిలుల ఉన్నోళ్ళేనా? వాళ్ళకు గాడ ఓట్లున్నయా?”

“ఉన్నయే. నూటికి ఇద్దరో ముగ్గురో ఉంటరు. గాడి పార్లమెంటుల మాత్రం నూటికి ఆరుగురి దాక ఉన్నరు. శానమందిది ఒక్క పార్టీనే. కానీ రెండో పార్టీల గూడ కొందరున్నరు. గందుకే రెండు పార్టీలు వాళ్ళ గడప తొక్కుతయి. మన గడప ఎవడన్న తొక్కిండా?”

“ఎవరు ఎటు ఏసిన్రో గాడ గూడ అందరికి తెలుస్తదా?”

“పార్లమెంటులనైతే తెలుస్తది.”

“మరి వాళ్ళ మొగోళ్ళు ఎవని ట్రాక్టర్ నడుపుతరే?”

అన్నం తింటున్న సాల్మన్‌కు ఆ మాట వినబడింది. రెండు ముద్దలు తిని, నీళ్ళు తాగి లేచిపోయాడు. అది ఆమెను ఇంకా బెదరగొట్టింది.

పంచాయతీ ఆఫీసులో అధికారి వీరేశం పేరు చదవగానే చేతులు లేచాయి. జానమ్మ చేతులు కొంగు కిందే ఉండిపోయాయి. వీరేశం అప్పుడు తిరిగి చూశాడు.

“ఏం జానమ్మా, నిద్రపోతున్నవా? ఎత్తు.”

ఆ గొంతుకు అలవాటు పడ్డ చెయ్యి సగం లేచింది కూడా. ఆమె రెండో చేత్తో దాన్ని పట్టుకుని ఒళ్ళోకి లాక్కుంది.

తర్వాత ఆమె పేరు చదివారు. అవతలి వైపు చేతులు లేచాయి. తనకు తానే చెయ్యెత్తుకోవాలంటే సిగ్గేసింది, సిగ్గుకన్నా భయం ఎక్కువైంది. కళ్ళు గట్టిగా మూసుకుని ఎత్తింది. అధికారి “దించమ్మా” అనేదాకా దించలేదు.

గెలిచింది. బయట ఎవరో చప్పట్లు కొట్టారు. వీరేశం తన వైపే వస్తుంటే ఆమె గోడకు ఒదిగిపోయింది. తిడితే బాగుండేది, తిట్లు తెలిసినవే. ఆయన గొంతు తగ్గించాడు.

“రేపు పొద్దుగాల మీ వాడకొస్త. మీ ఇంట్ల కూసోని మాట్లాడుకుందాం.”

ఇన్నేళ్ళూ వాడ ఓట్లన్నీ వేయించుకుని, ఏనాడూ అక్కడ కాలు పెట్టని మనిషి! ఒక్క చెయ్యి అటు పోగానే వస్తానంటున్నాడు. మాట్లాడడానికో, బెదిరించడానికో ఆమెకు అంతుపట్టలేదు.

“రాండ్రి పటేలా. మా వాడోళ్ళనందర్ని పిలుస్త” అంది.

ఆ మాట నోరు దాటాక గానీ, తన వీపు ఇంకా గోడకే ఆని ఉన్నట్టు జానమ్మకు తెలియలేదు.