ఎనిమిది కిలోల సంచి

పోయిన మంగళవారం చాంగీ బిజినెస్ పార్క్‌లో మీటింగులో ఉండగా మా ఆవిడ ఫోన్ చేసి, కింది అంతస్తు అంకుల్ పోయారని చెప్పింది. పొద్దున కాఫీ తాగి కుర్చీలో కూర్చున్న మనిషి అలాగే వెళ్లిపోయారట. తేలిగ్గా వెళ్లారు. ఆయన ఏది చేసినా తేలిగ్గానే చేసేవారు.

సింగపూర్ వచ్చి టాంపినీస్‌లో మేం కొత్తగా ఫ్లాట్‌లో దిగినప్పుడు పరిచయమయ్యారు. షిప్‌యార్డు స్టోర్సులో సామాన్లు తూచి తూచి రిటైరైన మనిషి. సరిహద్దు అవతల మలేషియాలోని జొహోర్‌లో ఆయన చైనీస్ స్నేహితుడికి పామాయిల్ తోట ఉంది. తోటను పాడుచేసే అడవి పందుల్ని కొట్టడానికి తుపాకీ, లైసెన్సూ ఆ స్నేహితుడివే. అంకుల్‌ది వెంట నడిచి మోసే పని. మూడేళ్ల కిందట నన్నూ తీసుకెళ్తానన్నారు. షరతు ఒక్కటే: సంచి ఎనిమిది కిలోలు దాటితే మనిషి ఇంట్లోనే ఆగిపోవాలి.

ముందురోజు సాయంత్రం కొక్కెం కాటా పట్టుకుని మా హాల్లోకి వచ్చారు. నా సంచి పద్నాలుగు కిలోలు తూగింది.

"అడవికొస్తన్నావా, కాపురం పెడతన్నావా?" అంటూ మొత్తం నేలమీద కుమ్మరించారు. ఒక్కొక్కటే ఎత్తి, ఎందుకని అడిగారు. గొడుగు? ఒకవేళ వాన వస్తే. రెండో జీన్స్? ఒకవేళ తడిస్తే. లాప్‌టాప్? ఒకవేళ ఆఫీసువాళ్లు పిలిస్తే.

"ఒకవేళలన్నీ ఓ పక్కన పెట్టు బాబూ. నడుం విరిగేది వాటివల్లే. వచ్చేటప్పుడు పంది తొడ మొయ్యాల, గుర్తుంచుకో."

లాప్‌టాప్ తీసేస్తుంటే నా ప్రాణం ఉసూరుమంది. అయినా ముల్లు ఎనిమిది దాటుతూనే ఉంది. వెతికితే మా ఆవిడ తువ్వాల్లో చుట్టి దాచిన ఆవకాయ సీసా దొరికింది. అంకుల్ దాన్ని చంకలో పెట్టుకుని వెళ్లిపోయారు. జరిమానా కాబోలనుకున్నాను.

మర్నాడు తోటలో "రండి, మకాన్ చేద్దాం" అని మలయ్ మాటలో భోజనానికి పిలిచి, అన్నం పొట్లాలు విప్పించి, తన సంచిలోంచి ఆ సీసా తీశారు. దానికి చోటివ్వడానికి తన మారు చొక్కా ఇంట్లో వదిలేసి వచ్చారు. ఆయన స్నేహితుడు ఒక ముద్ద తిని, కళ్లనీళ్లు పెట్టుకుని, ఇంకో ముద్ద అడిగాడు. మీరు నమ్మరు, ముగ్గురి చేతులూ ఎర్రటి నూనెలో ఉండగా ఒక పంది మా ముందునుంచే తాపీగా నడుచుకుంటూ పోయింది. తుపాకీ చెట్టుకి ఆనించి ఉంది. సింగపూర్ వచ్చాక నేను అంతగా నవ్వింది లేదు. వానకి తడిసిన చొక్కాతో ఆయన, ఉత్త చేతులతో నేను, చెక్‌పాయింట్ దాకా నవ్వుతూనే వచ్చాం.

ఆ తర్వాత చాలాసార్లు పిలిచారు. ప్రాజెక్టులు మీదపడుతున్న రోజులు. "ఈసారి కుదరదంకుల్, వచ్చేసారి తప్పకుండా" అనేవాణ్ణి. ఒక్కసారీ నిష్ఠూరమాడలేదు. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తోంది.

నిన్న ఆంటీ పిలిచి, వచ్చే శనివారం ప్రయాణానికని ఆయన సర్దుకున్న సంచి నా ముందు పెట్టారు. "నువ్వే విప్పు నాన్నా, నాకు చేతులాడట్లేదు" అన్నారు. టార్చి, తాడు, కత్తి, టార్పాలిన్, నాలుగు నీళ్ల సీసాలు, తువ్వాలు. మారు చొక్కా లేదు. అడుగున మా ఆవకాయ సీసా, శుభ్రంగా కడిగి, కొత్త ఆవకాయతో నింపినది.

"ప్రతిసారీ మోసుకెళ్లి, మళ్లీ అలాగే తెచ్చేవారు. ఎందుకండీ బరువు అంటే, ఒకవేళ ఆ అబ్బాయి ఆఖరి నిమిషంలో వస్తానంటేనో అనేవారు" అన్నారు ఆంటీ.

అన్నీ తిరిగి సర్దాను. శనివారం వెళ్తున్నానని ఆయన స్నేహితుడికి ఫోన్ చేసి చెప్పాను. ఆయన చేసినట్టే సంచిని ఆయన కాటా కొక్కేనికి తగిలించాను. ముల్లు ఎనిమిది దాటి, కాస్త వణికి, నిలబడింది. నేను ఏదీ బయటికి తీయలేదు.