సబ్‌జైల్లో ఉగాది పచ్చడి

కొత్త రాష్ట్రం వచ్చిన తొలి రోజుల్లో నేను మార్కాపురం సబ్‌జైల్లో ఉన్నాను. నా కందిచేలోకి గొర్రెల్ని తోలినవాడి కుడిచెయ్యి కర్రతో విరగ్గొట్టాను. వాడు ఎడమచేత్తోనే రాయి అందుకుని నా తల పగలగొట్టాడు. ఇద్దరినీ తెచ్చి ఒకే గదిలో వేశారు.

లోపల ఏం కొనాలన్నా బీడీలే. ఉగాది పచ్చడి కోసం గదిలోని ఎనిమిదిమందిమీ వారం రోజులు బీడీ వెలిగించకుండా దాచి, వార్డరుకిచ్చి బెల్లం, చింతపండు, ఒక మామిడికాయ తెప్పించుకున్నాం. వేపపువ్వు జైలు ఆవరణలోనే రాలేది. మాలో పెద్దవాడైన కంభం సాయిబు పలకరాతి పెచ్చుతో మామిడికాయ కోసి, సత్తుగిన్నెలో పచ్చడి కలిపాడు.

గిన్నె పట్టుకుని మొదట ఆ గొర్రెలవాడి ముందుకే వెళ్లాడు. వాడు ఎడమచెయ్యి చాపాడు.

"పండగపూట ఎడమచెయ్యి పడతావా" అని వాడి మూతిమీద తన్నాను. గిన్నె ఎగిరి పచ్చడంతా నేలపాలైంది.

ఆ తర్వాత అందరూ కలిసి నన్ను కుమ్మారు. రెండు పళ్లు ఊడాయి. చివరికి సాయిబు నా మెడ పట్టుకుని ముఖాన్ని బండకు అదిమాడు.

"వాని కుడిచెయ్యి ఇరగ్గొట్టింది నువ్వే గదరా. ఇప్పుడు నాకి తిను."

నాకాను. అవతలివైపు వాడూ మోకాళ్లమీద కూర్చుని నాకుతున్నాడు. బండ అటే వాలుగా ఉండటంతో బెల్లప్పాకం వాడివైపే పోయింది. నావైపు వేపపువ్వూ నా నెత్తురూ మిగిలాయి.

ఆ బెల్లం మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు.