పాతిక నిమిషాల మరిది

ఆ మనిషికి లోకంలో ఏ వ్యసనమూ లేదు, ఒక్క అలారం పెట్టుకోవడం తప్ప. పాతిక నిమిషాలకొకసారి అది మోగేది. మోగగానే చేస్తున్న పని ఎక్కడికక్కడ వదిలేసి, కుర్చీలో వెనక్కి వాలి, ఎదురుగా ఉన్న స్టూలు మీద కాళ్ళు చాపేవాడు. అంతవరకూ ఎవరికీ అభ్యంతరం లేదు. కీళ్ళవాతం ఉన్నవాడు, ఆ మాత్రం విశ్రాంతి కావాలి. చిక్కంతా ఆ తర్వాతే. అలారం వినబడినంత మేర ఉన్న ప్రతి ప్రాణీ పనాపి, కూర్చుని, కాళ్ళు ఎత్తి పెట్టుకోవాలి. పది నిమిషాలు. పిల్లలైనా సరే, చుట్టాలైనా సరే, కుళాయి బాగుచెయ్యడానికి వచ్చినవాడైనా సరే.

"నొప్పులు నీకైతే మేమెందుకు కూర్చోవాలి?" అని అడగనివాళ్ళు లేరు. అందరికీ ఒకటే జవాబు.

"డాక్టరు రాశాడు. చుట్టుపక్కల ఎవరైనా నిలబడి తిరుగుతుంటే నా కీళ్ళకి విశ్రాంతి అందదట."

ఇది ఏ వైద్యంలో ఉందో వదినకి అంతుబట్టేది కాదు. వదిన అంటే ఆయన అన్నగారి భార్య. ఆవిడ ఆయనకే కాదు, వీధి మొత్తానికి వదినే. అసలు పేరు రేషను కార్డు మీద తప్ప ఎక్కడా వాడుకలో లేదు. ఆవిడ పిల్లలిద్దరూ ఆయన్ని అలారం బాబాయ్ అనేవారు. అన్నగారు దూరప్రాంతాల బస్సు నడిపేవాడు. వారంలో నాలుగు రోజులు ఇంట్లో ఉండేవాడు కాదు కాబట్టి ఈ కూర్చోవడాల బెడద ఆయనకి సగమే.

అప్పటికింకా ఫోన్లు జేబుల్లోకి రాలేదు. మరిది బట్టలుతికే మిషన్ల కంపెనీలో పని చేసేవాడు. మిషను మొరాయించిందని జనం ఫోన్ చేస్తే, ఏం చెయ్యాలో చెప్పడం ఆయన ఉద్యోగం. కీళ్ళవాతం ముదిరి, ఆఫీసు మూడంతస్తుల మెట్లు ఎక్కలేని పరిస్థితి వచ్చాక, కంపెనీవాళ్ళు దయతలచి ముందుగదిలోకి ఒక ఫోను లైను, ఇటుకంత మందం మరమ్మతుల పుస్తకం ఒకటి పంపించారు. ఇంటినుంచే పని. ఆ రోజుల్లో అలాంటిది విన్నవాళ్ళు లేరు. మొగవాడు పొద్దస్తమానం ఇంట్లో కూర్చుని ఫోన్లో ఊళ్ళోవాళ్ళ మురికిబట్టల గురించి మాట్లాడతాడని వీధిలో నవ్వుకునేవారు.

నవ్వుకున్నా, పనిలో మాత్రం ఆయన గట్టివాడు. పొద్దున్నే వేళ్ళు బిగుసుకుపోయి ఉండేవి కాబట్టి తొమ్మిదింటిదాకా వేణ్ణీళ్ళ గిన్నెలో చేతులు ముంచుకుని ఆ పుస్తకం చదివేవాడు, పేజీలు పిల్లలు తిప్పేవారు. పెన్నుకి పాత గుడ్డ చుట్టి బొటనవేలంత లావు చేసుకున్నాడు. రిసీవరు పట్టుకోలేక దాన్ని చెవికి ఆనించి తువ్వాలుతో తలకి కట్టేసుకునేవాడు. చూసినవాళ్ళు పంటినొప్పి అనుకునేవారు. మొండి ఫిర్యాదులన్నీ పదింటికీ ఒంటిగంటకీ మధ్య, ఒళ్ళు కాస్త మాట వినే వేళకి పెట్టుకునేవాడు. ఒళ్ళు అసలే సహకరించని రోజున, "ఇవాళ కుడి మోకాలు రాజీనామా ఇచ్చింది, ఎడమది దాని పని కూడా చేస్తోంది" అని ప్రకటించి, కిందటివారం ఫోన్ చేసినవాళ్ళ మిషన్లు ఎలా ఉన్నాయో కనుక్కునే తేలిక పని చూసుకునేవాడు.

ఫోన్లో మాట్లాడుతుండగా అలారం మోగినా ఆయన ధర్మం తప్పేవాడు కాదు.

"అమ్మా, మిషను ప్లగ్గు పీకెయ్యండి. పది నిమిషాలు దాన్ని ముట్టుకోవద్దు. మీరూ కూర్చుని కాళ్ళు పైకి పెట్టుకోండి. తర్వాత నేనే ఫోన్ చేస్తాను."

ఒకసారి ఒకావిడ మిషను గడగడలాడుతూ స్నానాలగది దాటి వంటింటి గుమ్మం దాకా నడిచి వచ్చేసిందట. ఆవిడ హడలిపోయి ఫోన్ చేసిన వేళకే ఇక్కడ అలారం మోగింది. పది నిమిషాల తర్వాత ఈయన ఫోన్ చేస్తే ఆవిడ తీరిగ్గా ఎత్తింది. కూర్చున్నాక బుర్ర పనిచేసిందనీ, మూత తీసి చూస్తే దుప్పట్లన్నీ ఒకే పక్కకి ముద్దగా చేరి ఉన్నాయనీ, సర్దితే బుద్ధిగా నిలబడిందనీ చెప్పింది. చెప్పి, పెళ్ళైన తర్వాత పగటిపూట కూర్చోవడం ఇదే మొదటిసారని కూడా చెప్పింది. ఆ మాట మరిది వదినకి మూడుసార్లు వినిపించాడు. వదిన మూడుసార్లూ "పాపం" అని లేచి వెళ్ళిపోయింది.

వదిన సంగతి చెప్పాలంటే, ఆవిడ కూర్చోగా చూసినవాళ్ళు అరుదు. అన్నం పొయ్యిగట్టు దగ్గర నిలబడే తినేది. పిల్లలకి పాఠాలు నిలబడే చెప్పేది. ఎవరైనా కూర్చోమంటే "ఇదిగో, అయిపోయింది" అనేది. ఏమయిపోయిందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఏదీ అయిపోయేది కాదు. సాయంత్రానికి చీలమండలు ఉబ్బి చెప్పులు పట్టేవి కావు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ గమనించలేదని ఆవిడ ధీమా.

అలాంటి మనిషికి పాతిక నిమిషాలకొకసారి అలారమంటే ఎలా ఉంటుంది? మొదట్లో పాలు పొంగుతున్నాయని తప్పించుకోబోయింది. "పాలు మళ్ళీ దొరుకుతాయి వదినా, పొయ్యి కట్టేసి రండి" అన్నాడు మరిది. పోనీ, కూర్చున్న పది నిమిషాలూ కూరగాయలు తరుక్కోవచ్చా అని అడిగింది. "చేతులు మీ ఇష్టం. కాళ్ళు మాత్రం పైకి ఉండాలి" అన్నాడు. వేళ్ళు వంకర్లు పోయిన మనిషికి ఎదుటివాళ్ళ చేతులతో పేచీ లేకపోవడం, కాళ్ళతోనే ఉండడం వదినకి విడ్డూరంగా తోచింది. పెద్ద చదువుల డాక్టరు, ఏదో ఉండే ఉంటుందిలే అనుకుని ఊరుకుంది.

అలారం వల్ల లాభాలూ ఉండేవి. ఒకనాడు బట్టల బీరువా ఏ గోడకి పెట్టాలన్న దానిమీద వదినకీ అన్నగారికీ మాటామాటా పెరిగింది. ఇంకాస్తయితే ఇరువైపుల తాతముత్తాతలూ రంగంలోకి దిగేవారు. ఇంతలో అలారం. ఇద్దరూ చెరో కుర్చీలో కాళ్ళెత్తుకుని పది నిమిషాలు పైకప్పుకేసి చూశారు. అయ్యాక అన్నగారు "ఎక్కడిదాకా వచ్చాం?" అన్నాడు. "మీరు ఒప్పుకునే దాకా" అంది వదిన. బీరువా వదిన చెప్పిన గోడకే చేరింది.

రోజులన్నీ ఇలాగే గడిస్తే ఇబ్బంది లేకపోయేది. ఒకరోజు కంపెనీనుంచి ఉత్తరం వచ్చింది. ఆఫీసులో ఒక్కొక్కరు రోజుకి అరవై ఫోన్లు చూస్తుంటే ఈయన నలభై రెండు దాటడం లేదట. వచ్చే నెలకి అరవై కాకపోతే ఇంటినుంచి పని రద్దు, ఆఫీసుకి రావలసిందే. ఆఫీసంటే మూడంతస్తుల మెట్లు. రమ్మనడమంటే పొమ్మనడమేనని ఇంట్లో చిన్నపిల్లలకి కూడా అర్థమైంది.

"ఆ అలారం గంటకొకసారి పెట్టుకోకూడదా?" అంది వదిన.

"కుదరదు వదినా. డాక్టరు రాశాడు" అన్నాడు మరిది. ఆ పూట ఆయన గొంతులో సరదా లేదు.

వారం తిరక్కుండా కంపెనీ సూపర్‌వైజరమ్మ స్వయంగా వచ్చింది. సన్నగా, చేతిలో పలకలాంటి అట్ట పట్టుకుని, ఎవరి ఇంటికి వెళ్ళినా ఐదు నిమిషాలకి మించి ఉండనన్నట్టు నిలబడింది. మరిది తలకి రిసీవరు కట్టుకుని మూడు మిషన్లు వరసగా బాగుచేశాడు. ఆవిడ అట్టమీద ఏదో రాసుకుని మెచ్చుకోబోతుండగా అలారం మోగింది. ఆయన రిసీవరు విప్పి, ఆవిడ వెనక్కి ఒక కుర్చీ, ముందుకి ఒక స్టూలు జరిపాడు. ఆవిడ ఏదో అనబోయి పిల్లలకేసి చూసింది. వాళ్ళు అప్పటికే కాళ్ళెత్తుకుని ఉన్నారు. వదినకేసి చూసింది. వదిన సిగ్గుపడుతూ తనూ ఎత్తుకుంది. ఇక విధిలేక ఆవిడా చెప్పులు విడిచి కూర్చుంది. మూడో నిమిషానికి నిద్రపోయింది.

లేచేసరికి నలభై నిమిషాలైంది. లేపడానికి ఎవరికీ మనసు రాలేదు. ఆవిడ జుట్టు సర్దుకుని, మంచినీళ్ళు తాగి, వెళ్తూ వెళ్తూ వదినని గుమ్మం అవతలికి పిలిచింది. ఈయనతో మాట్లాడినవాళ్ళెవరూ అదే ఫిర్యాదుతో మళ్ళీ ఫోన్ చెయ్యరని, ఆయన పోతే కంపెనీకే నష్టమని తనకి తెలుసంది. "కానీ పైవాళ్ళకి కాగితం కావాలండీ. పాతిక నిమిషాలకొకసారి విశ్రాంతి తప్పనిసరి అని డాక్టరు చేత రాయించి సోమవారంలోగా పంపండి. మిగతాది నేను చూసుకుంటాను."

ఇంత సులువా అనుకుంది వదిన. మరిదికి చెప్తే వద్దుగాక వద్దన్నాడు. ఎందుకంటే చెప్పడు. ఈయన మొహమాటంతో కూర్చుంటే ఉద్యోగం గంగలో కలుస్తుందని, మర్నాడు పిల్లల్ని బడికి పంపి తనే డాక్టరు దగ్గరికి వెళ్ళింది.

డాక్టరు పెద్దాయన. ఇన్నేళ్ళూ మరిదిని గుమ్మందాకా దిగబెట్టి బయటే నిలబడడం తప్ప వదిన ఆయన గదిలో అడుగుపెట్టింది లేదు. ఆవిడ చెప్పిందంతా విని పెన్ను కింద పెట్టాడు.

"ఆయనకి పాతిక నిమిషాలకొకసారి విశ్రాంతా? రెండు గంటలకొకసారి లేచి నాలుగడుగులు వెయ్యమన్నానమ్మా. కూర్చుంటే కీళ్ళు ఇంకా బిగుసుకుంటాయి."

"మీరే రాశారన్నాడండీ."

డాక్టరు కళ్ళజోడు తీసి, ఆవిడ కాళ్ళకేసి చూశాడు.

"రాశాను. ఆయనకి కాదు. వచ్చినప్పుడల్లా తన మోకాళ్ళ గురించి రెండు నిమిషాలు, ఇంట్లో ఒకావిడ గురించి పది నిమిషాలు మాట్లాడతాడు. పొద్దుట లేచింది మొదలు నిలబడే ఉంటుందట. పిక్కల మీద నరాలు తాళ్ళలా తేలాయట. చూపించుకుందాం రమ్మంటే రాదట. మనిషిని చూడకుండా మందు రాయనన్నాను. కూర్చోమనడానికి చూడక్కర్లేదు కదా, అది రాసిచ్చాను. పాతిక నిమిషాలు నిలబడితే పది నిమిషాలు కాళ్ళెత్తి కూర్చోవాలని. ఆవిడ మీరే కదమ్మా?"

"నేనని మీకెలా తెలుసు?"

"ఎదురుగా రెండు కుర్చీలున్నాయి. వచ్చినప్పట్నుంచీ నిలబడే మాట్లాడుతున్నారు."

వదినకి ముందు సిగ్గేసింది, తర్వాత కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఇంటిదాకా నడిచింది. మరిది ఫోన్లో ఉన్నాడు. తలకి కట్టిన తువ్వాలు విప్పి, ఫోను పెట్టేసి, డాక్టరు రాసిచ్చిన కాగితం ఆయన ముందు పెట్టింది. రెండు గంటలకొకసారి నాలుగడుగులు అని ఉంది అందులో. ఆయన చదివి, దొంగతనం బయటపడ్డవాడిలా తలొంచుకున్నాడు.

"ఉద్యోగం పోతే ఏమయ్యేదో తెలుసా నీకు?" అంది.

"తెలుసు."

"తిన్నగా నాతో చెప్పడానికేం? కూర్చో వదినా అంటే కూర్చోనా?"

"మూడేళ్ళు చెప్పాను. మూడేళ్ళూ ‘ఇదిగో, అయిపోయింది’ అన్నారు" అన్నాడు మరిది. "మీకోసమంటే మీరు కూర్చోరు వదినా. నాకోసమంటే ఎక్కడైనా కూర్చుంటారు. జబ్బు కొత్తలో గ్లాసు పట్టుకోలేనప్పుడు పక్కన నిలబడి తాగించారు. చొక్కా బొత్తాలు నిలబడి పెట్టారు. నా మూలాన అరిగిన కాళ్ళని ఎలా కూర్చోబెట్టాలో నాకు వేరే దారి తోచలేదు."

వదినకి కళ్ళనీళ్ళు తిరిగాయి. తిరిగినందుకు మరికాస్త కోపం వచ్చింది. ఆ అలారం ఇవాళ్టితో బందు అని, రెండు గంటల కాగితమే కంపెనీకి పంపుతున్నానని చెప్పింది. మరిది అలాగేనన్నాడు, కానీ ఒక షరతు మీద. వదిన డాక్టరు దగ్గరికి రావాలి. తోడుగా కాదు, రోగిగా. పిల్లల పరీక్షలయ్యాక చూద్దామంది. అయితే పరీక్షలయ్యేదాకా అలారం మోగుతుందన్నాడు. సోమవారం ఎంతో దూరం లేదు. ఉద్యోగం ఆయనది, బెదిరింపూ ఆయనదే. ఇలాంటి బేరం వదిన ఎక్కడా వినలేదు. కాసేపు గొణిగి, చివరికి సరేనంది.

ఇప్పుడా కంపెనీ లేదు. తువ్వాళ్ళతో తలకి కట్టుకునే ఫోన్లూ లేవు. పిల్లలు పెద్దవాళ్ళయి వాళ్ళ ఇళ్ళల్లో బట్టల మిషన్లు తిరుగుతున్నాయి. పాడైతే ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలియక ఇప్పటికీ బాబాయికే చేస్తారు. ఆ నెల ఆయన రోజుకి అరవై ఆరు ఫోన్లు చూసి సూపర్‌వైజరమ్మ మాట నిలబెట్టాడు. అవన్నీ వదినకి లీలగా గుర్తు. బాగా గుర్తున్నది ఆ సోమవారానికి ముందరి శనివారం పొద్దున్న ఆస్పత్రి.

కాంపౌండరు అలవాటుకొద్దీ చీటీ మీద మరిది పేరు రాశాడు. పదేళ్ళుగా ఇద్దరూ కలిసే వస్తున్నారు. రోగి ఎవరో, తాలూకు మనిషి ఎవరో అతనికి అడిగే పని లేదు. వదిన చీటీ వెనక్కి ఇచ్చి, గొంతు సవరించుకుని, ఆయనకి కాదు, నాకు అంది. కాంపౌండరు ఆవిడ పేరేమిటని అడిగాడు. ఇన్నేళ్ళ తర్వాత ఆ పేరు పైకి చెప్తుంటే ఎవరిదో చెప్తున్నట్టనిపించింది.

జనం ఎక్కువగా ఉన్నారు. బెంచీ మీద ఒక్కరికే చోటుంది. మోకాళ్ళవాడివి నువ్వు కూర్చో అని వదిన, ఈ పూట రోగి మీరు కదా అని మరిది, ఇద్దరూ నిలబడి కాసేపు వాదించుకున్నారు. కాంపౌండరు విసుక్కుని, రోగి ఎవరో వాళ్ళు కూర్చోండి, దారికి అడ్డం నిలబడకండి అన్నాడు. వదిన అటూ ఇటూ చూసింది. మరిది చేతికర్ర మీద ఆనుకుని, మరెక్కడో పనున్నట్టు గోడ మీద కాలెండరు చదువుతున్నాడు. ఆవిడ చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.